నిన్నటి గొంతు

మా ఆయనకు నా మాటంటే చెవిలో జోరీగ, వాళ్ళ చెల్లెలి మాటంటే శిలాశాసనం. ఆమె రేడియోలో వాతావరణ సూచన చదువుతుంది. చదివినంతసేపూ మా ఇటుకల బట్టీలో మట్టి తొక్కే కాళ్ళు కూడా ఆగిపోవాల్సిందే. ఎవరైనా దగ్గితే ఈయన కళ్ళురిమేవాడు. రాసేది ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్ళు, మీ చెల్లి చదివి పెడుతుందంతే అని నేనెన్ని సార్లు దెప్పినా, నమ్మకం చదివే గొంతు మీద కూడా ఉంటుందనేవాడు. పెళ్ళయిన కొత్తలో నాకు ఒళ్ళు మండేది. తర్వాత నేనూ పని ఆపి వినడం మొదలుపెట్టాను.

ఈ ఏడు వేసవి మొదట్లోనే ఆ గొంతు మా గుండెల్లో రాయి వేసింది. ఈ ప్రాంతమంతా మామూలుకంటే వేడి ఎక్కువ, గాలిలో తేమ ఎక్కువ, మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు, ఈదురుగాలులు. ఇటుకలు చేసుకు బతికేవాళ్ళకు ఇంతకంటే చెడ్డ కబురు ఉండదు. పచ్చి ఇటుకను వరసల్లో పేర్చి ఆరబెట్టాలి. కప్పి ఉంచితే ఉక్కకు లోపలి చెమ్మ పోదు, బట్టీలో పెట్టగానే పగులుతుంది. కప్పకపోతే ఒక్క జల్లుకు మళ్ళీ బురదే. అందుకే ఉరుము వినగానే లోకమంతా ఇళ్ళలోకి పరిగెడితే, మేము ఇటుకలు కప్పే ప్లాస్టిక్ పట్టాలు పట్టుకుని ఆరుబయటికి పరిగెడతాం. మీది బతుకా, పిచ్చా అని మా అమ్మ తిట్టేది.

రేడియోవాళ్ళకు ఒక పద్ధతుంది. ఆడపడుచుకు సెలవైతే ఆమె చేత ముందురోజే చదివించి, దాన్నే మర్నాడు వేస్తారు. ఈలోగా కొత్త హెచ్చరిక ఏదైనా వస్తే ఫోన్ చేసి పిలుస్తారు. వేరే గొంతు చదివితే జనం పట్టించుకోరని వాళ్ళ పెద్దసారు నమ్మకం. స్టేషన్ మా వీధి చివరే కాబట్టి ఆమె కూడా ఏనాడూ కాదనలేదు.

ఆ రోజు ఆమెకు సెలవు. మా ఇంటికి వచ్చింది. ఉక్కకు రాత్రుళ్ళు నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. నాలుగు ముద్దలు తిని, కాసేపు నడుం వాలుస్తానని మా గదిలో ఫ్యాన్ కింద పడుకుంది. తల వాల్చడమే తడవు, నిద్రపోయింది. ఈయన చెయ్యి కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి పోయాక తను చంకనేసుకుని తిప్పిన పిల్ల. చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళి, బల్ల మీదున్న ఆమె ఫోను తీసి, మోగకుండా చేసి, మళ్ళీ అక్కడే బోర్లించాడు.

"పడుకోనీ పాపం. ఒక్క పూట పిలవకపోతే ఎవరి కొంపా మునగదు," అన్నాడు.

మేము ఇంటి పక్కనే ఉన్న బట్టీ పాకలోకి వచ్చేసరికి రేడియోలో ఆమె గొంతే వస్తోంది. వేడి, ఉక్కపోత ఉంటాయి, సాయంత్రం వరకు వాన పడే అవకాశం లేదు అంటోంది. ఈయన మొహం వెలిగిపోయింది. నిద్రలో కూడా మన పనే చూస్తోందని నవ్వాడు. అది నిన్న చదివిందండీ అన్నాను.

"నిన్నయితేనేం, చెల్లే కదా," అన్నాడు.

పట్టాలన్నీ తీయించాడు. ఆకాశం తెల్లగా ఉంది, ఆకు కదలడం లేదు. ఒంటికి అంటుకున్న చొక్కా విప్పి తీగ మీద వేసి, కొసాకరి వరసల దాకా తనే వెళ్ళి ఇటుకలు తిరగేశాడు.

గాలి ఒక్కసారిగా లేచింది. దుమ్ము, చీకటి, వెంటనే ఉరుము. ఎప్పటిలాగే అందరం పట్టాలు లాక్కుంటూ పరిగెత్తాం. ఈయన కొసాకరి వరస దగ్గర పట్టా అంచు మోకాలి కింద తొక్కిపట్టి రెండో అంచు లాగుతున్నాడు. మెరుపు, చప్పుడు కలిసే వచ్చాయి. పట్టా ఎగిరిపోయింది. ఆయన లేవలేదు. నేను వెళ్ళి పిలిచాను, కుదిపాను, తిట్టాను కూడా. వెనక్కి తిరిగితే ఆడపడుచు గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడి ఉంది. తెర నిండా స్టేషన్ వాళ్ళ పిలుపులే. గాలివాన, పిడుగుల హెచ్చరిక వచ్చింది, వెంటనే వచ్చి చదవమని.

అంతా అయిపోయాక ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఉద్యోగానికి వెళ్ళనంది. స్టూడియోలో ఫోను మోగకుండా పెట్టడం తనకు అలవాటని, ముందురోజు చదివి వచ్చాక మళ్ళీ మార్చడం మరచిపోయానని, అన్నయ్యను తనే చంపుకున్నానని గోడతో చెప్పేది. నేను పెదవి విప్పలేదు. నిజం చెబితే తప్పు ఆయన మీదకు వస్తుంది. ఆయన మీద నాకు కోపం రావడం నాకిష్టం లేదు. తిట్టుకోవడానికి నాకో మనిషి కావాలి, ఎదురుగా ఈమె ఉంది. నా మనసు అంత చెడ్డదైపోయింది.

కానీ ఆమె నిద్ర మానేసింది. ఫోను గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది. తల వాలితే ఉలిక్కిపడి తొడ గిల్లుకునేది. ఒక మధ్యాహ్నం ఆ తొడ మీద కమిలిన మచ్చలు చూశాను. ఇక నా వల్ల కాలేదు.

"ఫోను మూగచేసింది నువ్వు కాదు. మీ అన్నయ్య. నీకు నిద్ర పట్టిందని."

"నాకోసమా వదినా?" అంది. ఆమెకు తేలికవుతుందనుకున్నాను. అన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నా ఒళ్ళో తల పెట్టి, చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఆయన మీద రావలసిన కోపం కూడా అప్పుడే వచ్చింది, ఆపుకోలేనంత.

అంతలో ఉరుము. ఆ రోజు మేము కప్పగా దక్కిన, ఆయన పేర్చిన వరసలు బయట ఇంకా అలాగే ఉన్నాయి, ఆరాలని పొద్దున్నే పట్టాలు తీసి ఉంచాను. ఒళ్ళు ఎరిగిన పని, చటుక్కున లేచి పట్టా అందుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. విడిపించుకోబోయాను, గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"వద్దు వదినా. పోనీ."

ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం. వాన దబదబా పడింది. ఆయన చేతివేళ్ళ అచ్చులున్న ఇటుకలు ఒక్కొక్కటే మెత్తబడి, ఒకదానిమీద ఒకటి జారి, మట్టిలో కలిసిపోయాయి.