రెండు నుంచి నాలుగు దాకా

“ఇగ నీకు ఆరామే ఆరామ్” అన్నాడు అంబాదాస్, తిన్న కంచం పక్కకు జరిపి లేస్తూ. “కండెల పని బంద్. కొత్త మగ్గాలకు నాడె వద్దు, కండె వద్దు. కోన్ పెడితే సీదా నూలు గుంజుకుంటయ్. రాణి లెక్క కూసో.”

రాణిలా కూర్చోమన్న మనిషి కంచం అక్కడే వదిలేసి పోయాడు. రాణిగారు ఆ కంచం తీసి, కిందపడ్డ మెతుకులు ఏరి, నేల తుడిచి, ఆయన చెయ్యి తుడుచుకుని కుర్చీ మీద పడేసిన తువ్వాలు తీసుకెళ్లి దండెం మీద వేసింది. ఇదీ ఆరామ్ మొదటి రోజు.

సరోజ అంబాదాస్‌ను కట్టుకుని ఈ భవానీ పేట్ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్లు. వచ్చిన మూడో రోజే అత్త రాజమ్మ ఆమెను కండెల దగ్గర కూర్చోబెట్టింది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టేందుకు పుల్లకు నూలు చుడితే అది కండె. కింది గదిలో నాలుగు మరమగ్గాలు పొద్దస్తమానం తువ్వాళ్లు నేస్తుంటే ఎన్ని కండెలు చుట్టినా చాలేవి కావు. మొదట రాట్నం మీద చుట్టింది, తర్వాత మోటారు బిగించిన నాలుగు కదుళ్ల మిషన్ మీద. కూలీ మాటెవరెత్తుతారు, ఇంటి కోడలికి కూలీ ఏమిటి! అయితే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కండె నడుమ మనిషిని లేపకూడదు. లేపితే నూలు వదులవుతుంది, వదులైన నూలు మగ్గంలో తెగుతుంది, మగ్గం ఆగుతుంది. ఆ ఇంట్లో ఎవరి ఒంట్లో ఎలా ఉన్నా ఫరవాలేదు గానీ మగ్గం మాత్రం ఆగకూడదు. అందుకని రోజూ రెండు నుంచి నాలుగు దాకా సరోజను ఎవరూ పిలిచేవారు కాదు. రాజమ్మ తన నీళ్లు తానే ముంచుకునేది. అంబాదాస్ తన చొక్కా తానే వెతుక్కునేవాడు. చిన్నప్పుడు కొడుకు వినాయక్ మోకాలు చెక్కుకుపోయినా ఏడుస్తూ నాయనమ్మ దగ్గరికే పరిగెత్తేవాడు.

ఇంకొకటి కూడా ఉంది, అది సరోజకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మిషన్ మోతలో ఆమె మాట్లాడేది. లోలోపల గొణుక్కోవడం కాదు, గొంతెత్తి మాట్లాడేది. “మీ అమ్మగారింట్ల నీకు రొట్టె కొట్టుడు గూడ నేర్పలేదా?” అని కాపురానికి వచ్చిన కొత్తలో అత్త అన్న మాటకు ఎన్నేళ్ల పాటు ఎన్ని రకాల జవాబులు చెప్పిందో లెక్కే లేదు. నూలు సేఠు ముందర “నీకేం తెల్వది, నువ్వు లోపలికి పో” అన్న మొగుడికి అదే మోతలో నిలబెట్టి చెప్పింది, ఆ నూలు నాసిరకమని ముందు కనిపెట్టింది ఎవరో గుర్తు చేసుకొమ్మని. ఎదురుగా మీరు అని పిలిచే మనిషిని అక్కడ నువ్వు అనేసేది. నాలుగింటికి బటన్ నొక్కి లేచేసరికి కడుపులోని బరువంతా దిగిపోయి ఉండేది. లేచి చాయ్ పెట్టేది.

ఇప్పుడు కొత్త మగ్గాలు వచ్చాయి. వినాయక్ పట్టుబట్టి తెప్పించాడు. ఇంట్లో పట్టవని కుంఠా నాకా దగ్గర షెడ్డు తీసుకున్నారు. దారం తెగితే మగ్గం తనంతట తనే ఆగి, ఫోన్‌కు కబురు పంపుతుందట. ఇంకేం, షెడ్డు కొడుకు చూసుకుంటాడు, అంబాదాస్ ఒంటిగంటకే ఇంటికి వచ్చి మంచం మీద వాలి ఫోన్ చూస్తాడు. మగ్గాలకు తెలివి పెరిగిన కొద్దీ ఈయన మంచం దిగడం తగ్గింది. “సరోజా, నీళ్లు.” “సరోజా, నా చష్మా ఏది?” “సరోజా, ఇద్దరు వస్తున్నరు, జర చాయ్ పెట్టు.” పక్కగదిలోంచి రాజమ్మ, “ఎట్లైనా ఖాళీనే ఉన్నవ్ గద, జర కాళ్లు ఒత్తు.” ఎట్లైనా ఖాళీనే! ఆ మాట వింటే సరోజకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇరవై ఆరేళ్లలో ఆమెకు ఖాళీ అంటూ ఉన్నది ఆ పని చేసిన రెండు గంటలే. పని పోయింది, దాంతో పాటు ఖాళీ కూడా పోయింది. ఇది ఎవరికి చెప్పినా అర్థం కాదు. చెబితే నవ్వుతారు.

ఒకరోజు సరిగ్గా రెండింటికి, చేతులు తుడుచుకుని, కింది గదిలోకి దిగింది. పాత మగ్గాలు అమ్మేసిన గది బోసిగా ఉంది. మూలన మిషన్ మాత్రం మిగిలింది. పీట వేసుకుని కూర్చుని బటన్ నొక్కింది. నూలు లేదు, కండె లేదు. నాలుగు కదుళ్లు ఉత్తగా గిర్రున తిరిగాయి. మోత మాత్రం పాతదే. సరోజ హాయిగా ఊపిరి పీల్చుకుని, “ఇగ విను” అని మొదలుపెట్టింది.

చిత్రమేమిటంటే, పైన ఎవరూ పిలవలేదు! మోత వినబడింది కాబట్టి కోడలు పనిలో ఉందనుకుంది రాజమ్మ. మిగిలిన నూలేదో చుట్టేస్తోందనుకున్నాడు అంబాదాస్. పదకొండు రోజులు అలాగే గడిచాయి. పన్నెండో రోజు ఆయన ఛార్జర్ వెతుక్కుంటూ కిందికి దిగాడు. ఉత్త కదుళ్లు తిరుగుతున్నాయి, వాటి ముందు పెళ్లాం చేతులు తిప్పుతూ ఎవరితోనో పోట్లాడుతోంది. గబుక్కున బటన్ నొక్కాడు. మోత ఆగింది. సరోజ మాట ఆగలేదు, తోక మిగిలిపోయింది. “...ముంచుకోని తాగు, ఒక్కనాడన్న!”

“ఏంది ఒక్కనాడు? ఎవలతోని మాట్లాడుతున్నవ్?”

“ఏం లేదు” అంది సరోజ. అనేసి తన నోటిని తనే తిట్టుకుంది. ఇన్నేళ్లూ ఎంత బాగా మాట్లాడిందో, ఎదురుపడేసరికి ఇంతేనా!

ఆ సాయంత్రం అదొక వేడుకయిపోయింది. అంబాదాస్ కుంభారిలో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి పగలబడి నవ్వాడు. “అరే, మీ అక్క ఉత్త మిషన్ తిప్పుతుంది! ఎవనికి చుడుతుందో కండెలు!” వినాయక్ మాత్రం నవ్వలేదు, జాలిపడ్డాడు, అది ఇంకా చికాకు. “బోర్ కొడుతుందా అమ్మా? ఫోన్ల సీరియల్ పెట్టిస్త, చూసుకో” అన్నాడు. రాజమ్మ కోడలి మొహంలోకి ఒక్క నిమిషం తేరిపార చూసి, తమలపాకు నమలడంలో పడింది.

మర్నాడు పొద్దున పాత ఇనుము కొనే భంగార్ బండివాడు వచ్చి మిషన్ ఎత్తుకుపోయాడు. ఆ మూలన ఇంట్లోనే పిండి విసురుకునే గిర్నీ పెడతారట, రేపు వస్తుందట. “నీకోసమే తెస్తున్న. ఇగ జొన్నలు మోసుకోని బయటి గిర్నీకి పోయే తిప్పలు తప్పె” అన్నాడు అంబాదాస్, మెప్పు కోసం చూస్తూ. వారానికోసారి గిర్నీ దగ్గర వరసలో నిలబడి నలుగురు ఆడవాళ్లతో మాట్లాడే అరగంట, అదీ పోయిందన్నమాట. “వాడకట్టుల అందరికి చెప్పిన, మా కోడలు విసిరిస్తదని” అంది రాజమ్మ. “ఎట్లైనా ఖాళీనే గద.”

సరోజ గిన్నెలు తోమింది. బట్టలు ఆరేసింది. రెండు కొట్టగానే కిందికి దిగింది. మిషన్ ఉన్నచోట నేల మీద నాలుగు నూనె మరకలు మిగిలాయి. రేపటి నుంచి అక్కడ ఊరందరి జొన్నలు. ఈ ఒక్క పూట మాత్రం ఖాళీగా ఉంది. పీట వేసుకుని, గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“సరోజా, నీళ్లు!” పైనుంచి వినబడింది. మళ్లీ, “ఓ సరోజా!” ఇరవై ఆరేళ్ల అలవాటు కదా, కాళ్లు లేవబోయాయి. వాటిని గట్టిగా పట్టుకుంది.

“కుండల ఉన్నయ్, ముంచుకోని తాగండి!” అంది. “నేను పనిల ఉన్న. నాలుగింటికి లేస్త. రేపు గూడ గంతే. గిర్నీ గూడ నాలుగు దాటినంకనే తిరుగుతది.”

అంబాదాస్ మెట్లు దిగివచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “ఏం పని? చేతుల ఏమున్నది?”

“ఏం లేదు. ఏం లేకుండ కూసునుడే పని.”

ఆయన ఇలాంటప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు. “అమ్మా, జర చూడు నీ కోడల్ని!” అని కేకేశాడు. రాజమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. గుమ్మంలో కొడుకును పక్కకు జరిపి లోపలికొచ్చింది. ఇంకో వాత పెడుతుందనుకుని సరోజ పళ్లు బిగించుకుంది. ముసలావిడ పీట పక్కన నేల మీద చతికిలబడి కాళ్లు చాపుకుంది.

“కండె నడుమ లేపొద్దని నీకెన్నిసార్లు చెప్పాల్రా?” అంది కొడుకుతో. “పో, ముంచుకోని తాగు. నాకో గ్లాసు తే.”

అంబాదాస్ తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు, ఉత్త నేలను చూశాడు. పైకి వెళ్లాడు. కుండ మీది మూత చప్పుడైంది.

సరోజకు అప్పుడు గుర్తొచ్చింది. తాను కొత్త కోడలిగా వచ్చిన ఆ మొదటి రోజుల్లో రాజమ్మ రాట్నం తిప్పుతుంటే ఆమె పెదవులు ఆగకుండా కదిలేవి. ఎంత భక్తి, జపం చేస్తోంది కాబోలు అనుకుంది తను.

“నేనైతే మీ మామను తిడుతుంటి” అంది రాజమ్మ, మోకాలు రాసుకుంటూ. “నువ్వెవల్ని?”

“ఆయన్ని” అంది సరోజ. “నిన్ను గూడ.”

“ఎర్కే. చెప్పు మరి, వింట.”

సరోజ చెప్పడం మొదలుపెట్టింది. మిషన్ మోత లేదు కదా, గొంతు తగ్గించాలేమో అనుకుంది. తగ్గించలేదు.