కొమురవ్వ విగ్గు

మోకాలి నొప్పికి మందులు రాయించుకుందామని లక్ష్మీనర్సమ్మ దవాఖానకు వెళ్ళిన రోజు, చీటీల వరుసలో ఆమె ముందు నిలబడ్డ అమ్మాయి మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"అవ్వా, నువ్వు కొమురవ్వకు ఏమైతవ్?"

"ఏ కొమురవ్వ బిడ్డా?"

"ఫోన్ల వస్తది కదా. అచ్చం నీ లెక్కనే మాట్లాడ్తది, నీ లెక్కనే నడుస్తది. ఒక్కసారి ఆ డైలాగ్ చెప్పవా, 'సోమారం వస్తనంటివి' అని?"

లక్ష్మీనర్సమ్మకు ఏమీ అర్థం కాలేదు. కానీ ఆ మాట కొత్తది కాదు. వరంగల్ కరీమాబాదులో ఆమె ఉండే గల్లీ పిల్లలు ఈమధ్య ఆటలో ఎవరు ఓడిపోయినా రాగం తీసి అదే మాట అంటున్నారు. ఏదో సినిమాలోది కాబోలు అనుకుంది ఇన్నాళ్ళూ.

ఆమె అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసి మానేసింది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. రెండిళ్ళ అవతల తమ్ముడి కుటుంబం ఉంటుంది. తమ్ముడు ఎల్లస్వామి లారీ డ్రైవరు, మూడేళ్ళ కిందట గుండెపోటుతో చనిపోయాడు. అతని భార్య సుభాషిణి, కొడుకు పవన్ ఆ ఇంట్లో ఉన్నారు. పవన్ కరెంటు పనులు చేస్తాడు. ఆదివారాలు శశాంక్ అనే స్నేహితుడితో కలిసి ఏవో వీడియోలు తీస్తాడని ఆమెకు తెలుసు. ఆమెది బటన్ల ఫోను, అందుకని వాడు ఏం తీస్తున్నాడో ఎన్నడూ చూడలేదు.

దవాఖాన నుంచి నేరుగా ఎదురింటి సాబిరా దగ్గరికి వెళ్ళింది. సాబిరా జాకెట్లు కుడుతుంది, పెళ్ళిళ్ళ సీజన్లో పెళ్ళికూతుళ్ళకు జడలు వేస్తుంది. కొమురవ్వ పేరు చెప్పగానే ఆమె మిషను తొక్కడం ఆపేసింది. సంగతి గల్లీ అంతటికీ తెలుసు. తెలియనిది లక్ష్మీనర్సమ్మ ఒక్కతెకే.

"చూపిస్త గని అక్కా, నాకు నవ్వొస్తే తిట్టొద్దు."

మొదటి వీడియోలో పవన్ పాత నేత చీర కట్టుకొని, నెత్తిన విగ్గు పెట్టుకొని గ్యాస్ బండ తెచ్చినవాడితో గొడవ పడుతున్నాడు. కొంగు లాగి నడుముకు దోపడం, ఎడమ మోకాలు పట్టుకొని మెట్టెక్కడం, మాట అనేముందు నాలుకతో చప్పుడు చేయడం, అన్నీ ఆమెవే. సాబిరా నవ్వింది. లక్ష్మీనర్సమ్మకూ కొంచెం నవ్వు వచ్చింది. గ్యాస్ వాడితో ఆ గొడవ నిజంగానే జరిగింది.

రెండో దానిలో కొమురవ్వ ఫోను మురుగు మోరీలో పడిపోయింది. మోరీ పక్కన చతికిలబడి ఆమె శోకాలు పెడుతోంది. "నాకు చెప్పకుంట ఎల్లిపోతివా. సోమారం వస్తనంటివి. సోమారం దాక ఆగకపోతివా."

సాబిరా నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇదివరకు ఈ వీడియో చూసి చాలాసార్లు నవ్వింది గానీ, ఇప్పుడు పక్కన ఆ మనిషే ఉండగా వింటే ఆ మాటలు ఎక్కడివో గుర్తొచ్చింది. ఎల్లస్వామి ఏటూరునాగారం లోడు మీద వెళ్ళి అక్కడే పోయాడు. సోమవారం వస్తానని అక్కకు ఫోనులో చెప్పాడు. శవం ఆదివారమే ఇంటికొచ్చింది. ఆనాడు లక్ష్మీనర్సమ్మను రెండు చేతులా పట్టుకొని కూర్చున్నది సాబిరాయే.

"ఇగ చాలు తియ్ అక్కా" అని ఫోను బోర్లా పెట్టింది.

"మళ్ళ వెట్టు."

లక్ష్మీనర్సమ్మ రెండోసారి కూడా చివరిదాకా చూసింది. తర్వాత అడిగిన మాట సాబిరా అనుకున్నది కాదు.

"గా నెత్తేంది గట్లున్నది?"

ఆ సాయంత్రం ఆమె తమ్ముడింటికి వెళ్ళేసరికి కబురు ముందే చేరింది. సుభాషిణి వాకిట్లోనే ఎదురొచ్చింది.

"వదినె, వాడేదో తెల్వక చేసిండు. మనసుల వెట్టుకోకు."

"నేనేమన్నన్నానే? వాణ్ణి పిలువు."

పవన్ లోపలి నుంచి వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

"అరేయ్, గా కొమురవ్వ నెత్తి తే."

మంచం కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. లోపల ఏడాది పైగా వాడిన విగ్గు. చెమట, పౌడరు, మోరీ పక్కన దొర్లిన దుమ్ము అన్నీ పట్టి పోగులు ఉండలు కట్టాయి. ముడి ఉండాల్సిన చోట రబ్బరు బ్యాండు వెంట్రుకల్లో చిక్కుకొని ఊడి రావడం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన.

"నూనె వెట్టకుంట, దువ్వకుంట నేను ఎన్నడన్న గడప దాటిన్నారా?"

"లేదత్తా."

"మరి నన్ను జేసెటోనివి మంచిగ జెయ్యద్దా?"

నవ్వాలో వద్దో పవన్‌కు తెలియలేదు. ఆమె కవరు చంకలో పెట్టుకొని వెళ్ళిపోయింది. శోకం గురించి ఒక్క మాట ఎత్తలేదు. విగ్గు తన దగ్గర ఉన్నంత కాలం వాడు కొమురవ్వను చేయలేడన్న ఆలోచన ఆమెకు అప్పుడే వచ్చిందో, తర్వాత వచ్చిందో చెప్పడం కష్టం.

మర్నాడు కుంకుడుకాయలు కొట్టి ఉడకబెట్టింది. వేడి వేడి నీళ్ళలో విగ్గు ముంచి, రెండు చేతులతో రుద్ది, చీర పిండినట్టు పిండింది. కొబ్బరినూనె దట్టంగా పట్టించి డాబా మీద ఎండలో ఆరేసింది. సాయంత్రం వెళ్ళి చూస్తే అది వెంట్రుకల్లా లేదు. పోగులు మెలికలు తిరిగి, ఒకదానికొకటి అతుక్కొని, గిన్నెలు తోమే పీచులా తయారైంది.

సాబిరా దాన్ని చూసి తల పట్టుకుంది.

"అయ్యో అక్కా, ఏం జేసినవే!"

"మా అవ్వ సవరం గిట్లనే కడుగుతుండె."

"ఆ సవరం మనుషుల ఎంటికెలది. ఇది ప్లాస్టిక్ అక్కా. వేడినీళ్ళు తగిల్తే ముడుచుకుంటది. నూనె పీల్చుకోదు, మీదనే జిడ్డు లెక్క కూసుంటది."

"ఇగ పనికి రాదా?"

"జూద్దాం. ఫికర్ జెయ్యకు."

పెళ్ళికూతుళ్ళ జడలకు అతికే నకిలీ వెంట్రుకలను సాబిరా సీజన్ తర్వాత కడిగి దాస్తుంది. ఆ పని ఆమెకు అలవాటే. బకెట్లో చన్నీళ్ళు పోసి కొంచెం షాంపూ కలిపింది. విగ్గును తిరగేసి నీళ్ళలో అటూ ఇటూ ఆడించమంది, రుద్దొద్దంది. నూనె ఒక్కసారికి పోలేదు. నీళ్ళు మార్చి మళ్ళీ మళ్ళీ ముంచారు. తర్వాత బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ కొంచెం నీళ్ళలో కలిపి అందులో నానబెట్టారు. పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, బోర్లించిన ఇత్తడి చెంబు మీద తొడిగి నీడలో పెట్టారు.

"ఎండినంకనే దువ్వాలె. ఈ పెద్ద పండ్ల దువ్వెన దీస్కపో. మీదికెళ్ళి గుంజకు. కొసలకాడ మొదలువెట్టి జర జర మీదికి పో."

లక్ష్మీనర్సమ్మ దాన్ని ఇంటికి తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టుకుంది. పొద్దున వంట అయ్యాక కూర్చుని, ఒక్కో పాయ వేలి సందున పట్టుకొని కొసల నుంచి చిక్కు తీసేది. మొదట చాలా పోగులు తెగి వచ్చాయి. చెయ్యి తేలిక చేసుకున్నాక తెగడం తగ్గింది. విడదీయలేనంతగా వేడికి ముడుచుకున్న కొసలను సాబిరా వచ్చి కత్తిరించింది. రబ్బరు బ్యాండును కోసి తీసేశారు. పని నెమ్మదిగా సాగింది, అయినా సాగింది.

చేతులు ఆ పనిలో ఉన్నప్పుడు ఆమె తమ్ముడు పోయిన రోజు గురించి ఆలోచించింది. ఆ రోజు తాను ఏమేం అని ఏడ్చిందో ఆమెకు గుర్తు లేదు. టెంటు, జనం, కాళ్ళ దగ్గర ఎవరో పోసిన నీళ్ళు గుర్తున్నాయి. మాటలు మాత్రం లేవు. తమ్ముడు సోమవారం వస్తానన్నాడని తెలుసు గానీ, ఆ మాట పట్టుకొని ఏడ్చినట్టు, వీడియో మధ్యలో సాబిరా నవ్వు ఆగిపోయాకే తెలిసింది.

పవన్ సాయంత్రాలు వచ్చి అడిగేవాడు.

"అయిందా అత్తా?"

"ఎండలేదురా."

కొత్తది కొనుక్కొని షూటింగ్ కానిద్దామని శశాంక్ తొందర పెట్టాడు. అత్త ఇచ్చేదాకా ఆగుదామని పవన్ అన్నాడు. ఇద్దరూ కాస్త మాటామాటా అనుకున్నారు కూడా. కొమురవ్వ రావడం లేదేమని చూసేవాళ్ళు వీడియోల కింద రాస్తున్నారు.

ఒక ఆదివారం పవన్ వచ్చినప్పుడు విగ్గు చెంబు మీద నున్నగా దువ్వి ఉంది.

"ఎండినట్టున్నది కదత్తా."

"ఎప్పుడో ఎండింది. లోపలికొచ్చి కూసో."

వాడు కింద కూర్చున్నాడు. ఆమె కొంతసేపు దువ్వెన పళ్ళలో చిక్కిన పోగులు ఏరుతూ ఉండి, తర్వాత అంది.

"గా ఫోను మోర్ల వడ్డ వీడియో ఉన్నది గదా. అవి నా మాటలే గదరా. మీ బాపు పోయిన్నాటియి."

పవన్ తల దించుకున్నాడు. "అవునత్తా."

"అందరు నవ్వుతాండ్రు. పోరగాండ్లు ఆటల అంటాండ్రు."

వాడు తెగిన పోగొకటి తీసి వేలికి చుట్టుకున్నాడు.

"నాకే యాది లేదు నేను గట్లన్నట్టు. నీకెట్ల యాదికున్నదిరా?"

"నాకు ఆ రోజు ఏడుపు రాలేదత్తా. టెంటోనికి ఫోన్ చెయ్యి, ఐస్ డబ్బకు ఫోన్ చెయ్యి అన్నరు. గవే చేసుకుంట తిరిగిన. నడుమల వచ్చి నీ పక్కపొంటి నిలవడ్డ. నువ్వు అన్నదంత విన్న. పోతలేదు నెత్తిల నుంచి."

"మరి గా మాటలు ఫోనుకు ఎందుకు వెడ్తివి?"

"డైలాగ్ ఏం రాసుకోలే. మోరీ కాడ కూసోని ఏడువు అన్నడు శశాంక్. నోరు తెరిస్తే గవే వచ్చినయ్. కట్ అన్నంక గూడ ఏడుపు ఆగలే నాకు. వాడేమో మస్తు యాక్టింగ్ చేసినవ్ రా అని చప్పట్లు కొట్టిండు."

"నీకు తెల్సు గదా గవి ఏం మాటలో. తెల్సి ఎందుకు వెట్టినవ్ దాన్ని?"

పవన్ నిజమే చెప్పాడు.

"మంచిగ వచ్చిందని వెట్టిన."

లక్ష్మీనర్సమ్మ కోపం తెచ్చుకోవాలనే చూసింది. ఇన్ని రోజులుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవి నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. తండ్రి పాడె ముందు వీడు కంట నీరు పెట్టలేదని ఆ రోజుల్లో చుట్టాలు అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది.

"తీసెయ్యిరా దాన్ని" అంది.

"తీసేస్త. కని అది అందరి ఫోన్లల్లకు వోయింది అత్తా. నేను తీసినా వాళ్ళ కాడ ఉంటది."

"ఉంటే ఉండనీ. నీ కాడ వద్దు."

వాడు ఆమె ముందే ఫోను తీసి ఏవేవో నొక్కాడు. "పోయింది" అని తెర చూపించాడు. ఆమెకు అందులో ఏమీ కనబడలేదు. సరేనంది.

తర్వాత వాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, విగ్గు తొడిగి, వెనక నిలబడి ముడి వేసింది.

"నడినెత్తిన గాదురా. మెడ మీదికి రావాలె, జర ఎడమకు. రబ్బరు వెట్టకు, పిన్నులు వెట్టు. అయిపోయినంక గట్లనే కవర్ల కుక్కకు, నాకిచ్చి పో."

అలాగే ఇచ్చి వెళ్ళడం అలవాటైంది. ఆ వీడియో తీసేసినందుకు శశాంక్ కొన్నాళ్ళు ముఖం ముడుచుకున్నాడు. వాళ్ళు తీసినవాటిలో ఎక్కువ మంది చూసింది అదే. పిల్లల నోట సోమారం మాట ఇంకా కొంతకాలం నడిచింది. ఆ తర్వాత ఇంకేదో కొత్త మాట వచ్చి అది వెనకబడింది. అది వినబడినప్పుడల్లా లక్ష్మీనర్సమ్మ కిటికీ మూసుకునేది. తర్వాత తర్వాత మూయడం మానేసింది.

ఇప్పుడు షూటింగ్ ఏ ఇంట్లో జరిగేది, గొడవ ఎవరితో అన్నది ముందే ఆమెకు చెప్తున్నారు. ఫోను ముందుకు రమ్మని శశాంక్ ఒకసారి అడిగితే రానంది. కానీ కూరగాయల బేరం ఎలా ఆడాలో పక్కన నిలబడి చెప్పింది.

ఎంత జాగ్రత్తగా చూసినా విగ్గు ఆ చలికాలం దాటలేదు. మాడు దగ్గర పోగులు ఊడి లోపలి జాలీ కనబడసాగింది. సాబిరా దాన్ని వెలుగుకు పట్టి చూసి ఇక వద్దంది. "ఎన్ని నీళ్ళు వోసినా ప్లాస్టిక్ ప్లాస్టికే అక్కా. దీని పని అయిపోయింది."

పవన్ అత్తను బండి మీద ఎక్కించుకొని వరంగల్ చౌరస్తా దగ్గర స్కూలు ఫంక్షన్ల డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణానికి తీసుకెళ్ళాడు. దుకాణదారు పాతదానిలాంటిదే, నలుపులో అక్కడక్కడా తెల్ల పోగులున్నది తీసి గల్లాబల్ల మీద పెట్టాడు. లక్ష్మీనర్సమ్మ పోగులను వేళ్ళ మధ్య నలిపి చూసింది, లోపలి కుట్లు తిప్పి చూసింది, అద్దం ముందు తన చెవి పక్కన పెట్టుకొని చూసింది. తల అడ్డంగా ఊపి, పై అరలో ఉన్నదాని వైపు చెయ్యి చూపించింది.

"అది మొత్తం తెల్లగున్నది గదత్తా. కొమురవ్వకు గంత వయసెక్కడిది?"

"నా దిక్కు సక్కగ చూసి చెప్పు" అంది ఆమె.

పవన్ చూశాడు. తర్వాత దుకాణదారును పై అరలోది దింపమన్నాడు.