దొంగ దారి, దారం దారి

“నిప్!” అన్నాడు ప్రణయ్, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

గంగవ్వకు అది “నిప్పు” అని వినిపించింది. పెళ్లయి సూరత్‌కు వచ్చిన నాటి నుంచీ సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో నానిన చెవులవి. మాటలో సగం వింటాయి, మిగతా సగం సొంతంగా నేసుకుంటాయి. “నిప్పూ!” అని కేకేసి, చేతికందిన బకెట్ ఎత్తి పొయ్యి మీద గుమ్మరించింది. పప్పు కాస్తా చప్పబడింది. సూరత్ శివారు గోడాదరాలో ఆ గల్లీవాళ్లకు నిప్పు అంటే నూలు గుర్తొస్తుంది, నూలు అంటే కూడు గుర్తొస్తుంది. రెప్పపాటులో గల్లీ మొత్తం బిందెలతో గడపలో నిలబడింది.

“నిప్పు గాదత్తా, నిప్! గా ‘పు’ నువ్వు కలిపినవ్!” ప్రణయ్ అందరికీ దండం పెట్టి పంపించాడు. “ఇంగ్లండుల ఎనకటి దొంగల మాట. నడుముకు కట్టుకున్న సంచి కోసెటోన్ని ‘నిప్’ అంటుండ్రట.”

గంగవ్వ తడిసిన పొయ్యి ముందు చతికిలబడింది. “సంచి కోసెటోనికి సుత పేరున్నదా?”

ప్రణయ్ ఆమె అన్న కొడుకు. బట్టల మార్కెట్లో చీరల పార్సెళ్లు కడతాడు, తీరిక దొరికితే ఫోన్లో ప్రపంచాన్ని విప్పుతాడు. ఆ రోజు దొంగల భాషలో పడడానికి కారణం అత్తే. పోయిన వారం లింబాయత్‌కు షేర్ ఆటోలో పోతుంటే ఆమె నడుముకు కట్టుకున్న బొడ్లె సంచిని ఎవరో కోసుకుపోయారు. సంచిలో వక్కలూ తాళంచెవీ పోతే పోయాయి. తల్లి పోశమ్మ పుస్తె కూడా అందులోనే ఉంది. పోశమ్మ పోయాక అన్నదమ్ములు ఇల్లూ జాగా పంచుకుంటుంటే, గంగవ్వ నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నది రేకులా అరిగిన ఆ పుస్తె ఒక్కటే.

సంచి పోయిన రోజు ఆటో ఆపి అందరి జేబులూ దులిపారు. డ్రైవర్ సోమలింగం దగ్గరుండి దులిపించాడు. వాడిది గంగవ్వ వాళ్ల పక్క ఊరే. “మా అక్క సంచి కోసినోని చేతులిరగ!” అని అందరికంటే గట్టిగా శపించి, కిరాయి కూడా వద్దన్నాడు. పుస్తె మాత్రం దొరకలేదు.

అప్పటి నుంచి గంగవ్వ అన్నం మానేసి కోపం తింటోంది. కార్ఖానాలో బాబిన్లకు దారం చుడుతుంటే, ఎవడి మెడకో చుడుతున్నట్టే చుడుతోంది.

“దొంగ ఒక్కడు గాదత్తా,” అన్నాడు ప్రణయ్. “ఒకడు మీద వడి మన సూపు మర్లిస్తడు. వాన్ని ‘స్టాల్’ అంటరు.”

“పాన్ స్టాలా?”

“పాన్ గాదు, పాపం! అడ్డం వడి ఆపెటోడు. గప్పుడు నిప్ కోస్తడు. సంచిని ‘బంగ్’ అంటరు.”

“అండ్ల బంగారమున్నదని వానికెట్ల తెల్సు?”

“ఇగ కోసే కత్తిని ‘కటిల్‌బంగ్’ అంటరు.”

“దొంగతనానికి గిన్ని పేర్లా! గిన్నేండ్ల సంది పనిజేస్తున్న, మా సేటు నన్ను ‘ఏయ్’ అనుడే గని పేరు వెట్టి పిల్వలె.” అని మూతి తిప్పిన గంగవ్వ, తిప్పిన మూతి తిప్పినట్టే ఆగిపోయింది. “అరే... మీద వడుడా?”

ఆ రోజు ఆటోలో ఒక ముసలాయన దగ్గుకుంటూ ఆమె ఒళ్లో పడ్డాడు. ఆమె తన సీసాలోని నీళ్లు తాగించింది. వీపు రాసింది. “పెద్దయ్యా, పైలం” అని కూడా అంది.

“నా నీళ్లు తాగి నా సంచే కోయించిండా వాడు!”

“పోలీసోళ్లకు చెప్తమా?”

“వాళ్లు రాసుకుంటరు. నేను కోసుకుంట.”

మర్నాటికి కొత్త సంచి తయారైంది. లోపల తుప్పు పట్టిన ఇనుప నట్లు వేసి బరువు చేసింది. అడుగున పాలిస్టర్ దారం కొస ముడేసింది. వెంట్రుకంత దారం అది. బాబిన్ మీంచి లాగితే చప్పుడు లేకుండా వస్తూనే ఉంటుంది. చేత్తో తెంపబోతే దారం తెగదు, చెయ్యి తెగుతుంది. బాబిన్‌ను చీర కుచ్చిళ్లలో దాచి, దారాన్ని వేలి మీదుగా పోనిచ్చింది. సంచి ఎవడి చేతికి పోతే దారమూ వాడి చేతికే పోతుంది. చేతికి చేయి మారినా దారం మారదు.

రోజూ అదే దారిన ఆటో ఎక్కింది. ప్రణయ్, వాడి దోస్తు సంపత్ వెనకాల బండి మీద వచ్చేవాళ్లు. ముసలాయన జాడ లేదు. సంపత్ విసుక్కోవడం మొదలుపెట్టిన రోజున ఆమెకు సోమలింగం ఆటోయే దొరికింది.

“రా అక్కా, కూసో. దొరికిండా ఆ దొంగ లంగ?”

“దొరుకుతడు తమ్మీ. యాడికి వోతడు?”

దారిలో ముసలాయన ఎక్కాడు. వెనకే నల్ల కళ్లద్దాల మనిషి ఎక్కి ఆమెకు రెండో పక్కన సర్దుకున్నాడు. మూల తిరగగానే ముసలాయన దగ్గి, మూలిగి, ఆమె మీద వాలాడు. గంగవ్వ సీసా మూత తీసి, నవ్వుతూ నోటికందించింది.

“తాగు పెద్దయ్యా, కడుపు నిండ తాగు. గివే ఆఖరి నీళ్లు.”

తెలుగు రాని ముసలాయన తృప్తిగా తలూపాడు. వేలి మీద దారం జరజరా పాకింది. గంగవ్వ పళ్లు బిగించి కూర్చుంది.

లింబాయత్ రాగానే ఇద్దరూ దిగారు. కళ్లద్దాలవాడి జుట్టు అందుకుందామని లేవబోయింది. దారం వాడి వెంట పోలేదు. ముందుకు పోయి, డ్రైవర్ సీటు కిందికి దూరింది. నమ్మలేక ఒకసారి లాగింది. సీటు కింద నట్లు గల్లుమన్నాయి.

సోమలింగం వెనక్కి తిరిగాడు.

“అచ్చింది గదక్కా, దిగు.”

గంగవ్వ దిగలేదు, మీద పడింది. రెండు చేతులా వాడి కాలర్ పట్టి రోడ్డు మీదికి ఈడ్చింది. కార్ఖానాల షిఫ్టు మారే వేళ, జనం మూగారు. కిరాయి గొడవ అన్నాడొకడు. గరీబోణ్ణి కొడుతోందన్నాడు ఇంకొకడు. కార్ఖానాలో తోటి పని చేసే జమున పరుగున వచ్చి ఆమె నడుము పట్టి వెనక్కి లాగింది.

“గంగవ్వా, పిచ్చి లేసిందా? మన సోమలింగన్నే!”

“సంచి వోయినకాన్నుంచి మా అక్క తల తిరిగింది,” అన్నాడు వాడు, కళ్లల్లో నీళ్లు కూడా తెచ్చుకుని. జనం అయ్యో అన్నారు.

“తల గాదు, దారం తిరిగింది. సీటు లేపు జమునా!”

జమున లేపింది. పానాల మధ్య దారం కట్టిన కొత్త సంచి, దాని కింద తాళ్లు కోసిన సంచులు మరికొన్ని. గంగవ్వ తన పాత సంచిని దులిపింది. పోశమ్మ పుస్తె అరచేతిలో పడింది. ముగ్గురికీ వాటాలు తెగక ఇంకా అమ్మలేదని తర్వాత తెలిసింది. ఇంతలో ప్రణయ్, సంపత్ ఆటో దిగి జారుకున్న ఆ ఇద్దరినీ మెడలు పట్టి తెచ్చారు.

అయినా జనానికి అర్థం కాలేదు. ఆటో నడిపేవాడు నడుం మీది సంచి ఎట్లా కోస్తాడని ఒక గుజరాతీ పెద్దమనిషి అడిగాడు. గంగవ్వ పుస్తె పిడికిట్లో బిగించి, ఎండలో మెరిసే దారాన్ని ఎత్తి పట్టుకుంది. ఆమె తెలుగులో చెబుతుంటే ప్రణయ్ హిందీలోకి మార్చాడు.

“గీ ముసలి నక్క నా మీద వడ్డది.”

“ఈ పెద్దాయన ఆమె మీద పడ్డారు,” అన్నాడు హిందీలో ప్రణయ్.

“పెద్దాయన ఏందిరా? నక్క అను!”

“నక్క,” అని దిద్దుకున్నాడు.

“గీ కండ్లద్దాల కుక్క కోసి ముందటికి అందిచ్చింది. గీ మా ఊరి పాము సీటు కింద దాసింది. మొన్న అందర్నీ దులిపిండ్రు గని నడిపెటోని సీటు ఎవ్వడన్న లేపిండా? ఎవ్వలు ఎక్కినా, ఎవ్వలు దిగినా సొమ్ము బండిలనే ఉంటది. నేను అక్కనట! కిరాయి వద్దన్నడు, నేను దండం వెట్టి దిగిన!”

ప్రణయ్ ఈసారి ఒక్క జంతువునూ వదలకుండా అనువదించాడు. జనం చూపులు ఒక్కొక్కటే సోమలింగం వైపు తిరిగాయి. గరీబోడన్నవాడే ముందుగా చొక్కా చేతులు మడిచాడు. జమున చెప్పు తీసింది.

“ఆగుండ్రి,” అంది గంగవ్వ, తన చెప్పు విప్పుతూ. “మొదటి దెబ్బ మా అమ్మది. ఎనక మీ ఇష్టం.”