ఆకాకర సంబంధం

మా ఆకాకర పాదుకి అన్నీ ఆడపూలే. పిందెలు పసుపుబారి రాలిపోతున్నాయి. పక్కింటి సీమోను మాస్టారు బోటనీ చెప్పి రిటైరయ్యారు. పొద్దున్నే వాళ్ళ పెరట్లోని మగపాదు నుంచి పువ్వు కోసుకొచ్చి, పుప్పొడి అద్దబోయారు.

"ఆగండాగండి!" అన్నారు మా ఆయన. మురమళ్ళలో పెళ్ళిళ్ళు చేయించే పురోహితులాయన. "మీ పాదుకి గింజ ఎక్కడిదండీ?"

"మీరిచ్చిందేనండీ. ఒక్క కాయలో గింజలే చెరిసగం తీసుకున్నాం కదండీ."

"అయితే అన్నాచెల్లెళ్ళు! సగోత్రం, కుదరదండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. వానాకాలం సగం అయిపోయింది, ఆకాకర వేపుడు మొహం చూడలేదు.

"ఆ పాదుని పెంచుకున్నది మాస్టారు. దత్తత వెళ్ళాక గోత్రం మారదుటండీ?" అన్నాను.

ఆయన కాస్త మెత్తబడ్డారు. "మాస్టారూ, మీ గోత్రం?"

"మేం క్రిస్టియన్లం కదండీ, మాకు గోత్రాలుండవండీ."

"ఆయ్! అయితే అడ్డేముందండీ? కానివ్వండి," అని కళ్ళు మూసుకుని మంత్రాలందుకున్నారు. మాస్టారు బుద్ధిగా పుప్పొడి అద్దేరు.

రెండు వారాలకి వేపుడు వండి వడ్డించాను. ఆయన విస్తరి పక్కకి జరిపేశారు.

"పెళ్ళి చేయించినవాణ్ణి. వాళ్ళ పిల్లల్ని ఎలా తిననే?"

ఆయన వాటా కూడా నేనే తినేశాను.