శనగల బస్తాలో కత్తి

రెండు నెలలుగా తుర్తూర ఇంట్లో కత్తి కనిపించడం లేదు. ఉల్లిపాయల్ని రాతి మీద చితక్కొట్టేది, క్యాబేజీని చేత్తో చించేది, ఎండు రొట్టెను మోకాలికేసి విరిచేది. స్నానశాల వీధిలో ఆమె దగ్గర గుగ్గిళ్ళు కొనేవాళ్ళు ముసల్దానికి మతి పోయిందని నవ్వుకునేవారు. నవ్వుకుంటే నవ్వుకోనీ, నా సొమ్మేం పోయింది అనుకునేది తుర్తూర. కత్తి శనగల బస్తా అడుగున ఉంది. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసని ఆమె ధీమా.

రెండు నెలల కిందట గోతులనే పరాయి తెగవాళ్ళు రోము మీద పడి మూడు రోజులు దోచుకుని పోయారు. ఆ మూడు రోజుల్లో వాళ్ళలో ఒకడు ఆమె మనవరాలు ప్రొజెక్తను చెరిచాడు. ప్రొజెక్త పెళ్ళి వద్దని, కన్యగా ఉంటానని దేవుడికి మాటిచ్చిన పిల్ల. అలాంటివాళ్ళకు చర్చిలో పాలరాతి పిట్టగోడ వెనక వేరే చోటు. ఆదివారం పొద్దున పెళ్ళయిన ఆడవాళ్ళు ఆ గోడ దగ్గరికెళ్ళి, దీవెన కోసం వాళ్ళ చేత నుదుటి మీద ముద్దు పెట్టించుకుంటారు.

తుర్తూర కత్తి దాచింది ఊరికే కాదు. పూర్వం ఎవరో రాజు కొడుకు ఒక ఇల్లాలిని చెరిస్తే, ఆవిడ మర్నాడు అయినవాళ్ళ ఎదుటే కత్తితో పొడుచుకుని చచ్చిపోయింది. రోములో ఆ కథ తెలియని ఆడది లేదు. పసితనంలో ప్రొజెక్తకు జావ తాగిస్తూ ఆ కథ చెప్పింది తుర్తూరే. చెప్పి ఊరుకుందా? "అదీ పరువంటే!" అని చప్పట్లు కూడా కొట్టింది. ఇప్పుడది తలుచుకుంటే తన నాలుక తనే కోసుకోవాలనిపిస్తుంది.

శనివారం ప్రొజెక్త ఉన్నట్టుండి నోరు విప్పింది. "రేపు చర్చికొస్తానమ్మమ్మా. నా చోట్లో నిలబడతాను. వాళ్ళు కాదంటే ఇంక ఈ గడప దాటను."

"కాదనేవాడెవడో నేనూ చూస్తాగా!" అంది తుర్తూర.

మర్నాడు కాదన్నవాడు చర్చి పనులు చూసే డీకన్ ప్రిమెనియుస్. మంచివాడే, కాకపోతే ఒట్టి పిరికి. పిట్టగోడ ముందు నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"ఇలాంటివాళ్ళనేం చెయ్యాలో అడుగుతూ రాశాం, బిషప్పుగారి ఉత్తరం వచ్చేదాకా పిల్లని వెనకాల, ప్రాయశ్చిత్తం చేసుకునేవాళ్ళ పక్కన నిలబెట్టు పెద్దమ్మా."

"దేనికయ్యా ప్రాయశ్చిత్తం? నీ ఇంట్లో వెండి గిన్నెలు ఎత్తుకుపోయారు కదా, నువ్వేం ప్రాయశ్చిత్తం చేసుకున్నావు?"

ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కుమన్న నవ్వులు వినిపించాయి. గల్లోనియా దొరసాని మాత్రం నవ్వలేదు. "గిన్నెలూ, పరువూ ఒకటేనటే? మా వంశంలో ఆడదైతే ఈపాటికి..."

"చచ్చేదంటారు, అంతేగా దొరసానీ? నేనూ ఇన్నేళ్ళూ అదే గొప్పనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది! చెయ్యరాని పని చేసినవాడు గుర్రమెక్కి దర్జాగా పోతే, పొడుచుకోవాల్సింది ఈ పిల్లా? మనసు ఒప్పుకోనిది పాపం కాదని పోయిన ఆదివారం చెప్పింది ఈ డీకన్ బాబే!"

"చెప్పాననుకో, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. జరుగు."

ఆయన జరిగాడు. ప్రొజెక్త లోపలికెళ్ళి తన చోట్లో నిలబడింది. ఆడవాళ్ళు వచ్చి మిగతా కన్యల దగ్గర దీవెనలు తీసుకుంటున్నారు, ప్రొజెక్త ముందు మాత్రం ఎవరూ ఆగడం లేదు. తుర్తూర వెళ్ళి ముద్దు పెట్టించుకుంది.

"సొంత అమ్మమ్మది లెక్కలోకి రాదులే" అంది వెనకనుంచి ఎవరో.

అప్పుడు గల్లోనియా పక్కనుంచి ఆమె కోడలు సెవెరిల్ల లేచింది. గోతులు వచ్చిపోయిన నాటి నుంచి ఆ అమ్మాయి ముసుగు తీసింది లేదు, గట్టిగా మాట్లాడింది లేదు.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"దీవెనకి, అత్తయ్యా."

ఆమె వెళ్ళి ప్రొజెక్త ఎదుట ముసుగు తీసి నుదురు వంచింది. ముద్దు పెట్టించుకుని వెనక్కి రాలేదు. గోడ మీదుగా ప్రొజెక్తను కావలించుకుని అలాగే ఉండిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు. కాసేపటికి సెవెరిల్ల వెనక రొట్టెల కొట్టు ఆవిడ నిలబడింది, ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక మరో పదిమంది. చివరికి డీకనే "త్వరగా కానివ్వండమ్మా, ప్రార్థనకు వేళవుతోంది" అని బతిమాలాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక తుర్తూర బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి కత్తి తీసింది. శనగపొట్టు దులిపి మనవరాలి చేతికిచ్చింది. "ఆ క్యాబేజీ కొయ్యి. చించీ చించీ నా గోళ్ళు అరిగిపోయాయి."

ప్రొజెక్త ఫక్కున నవ్వింది. "ఇప్పటికి తీశావా? రోజూ నానబెట్టడానికి శనగలు తీసేది నేనే కదమ్మమ్మా. మొదటి వారమే నా చేతికి తగిలింది."

తుర్తూర చప్పున కత్తి వైపు చూసింది. "మరి... దాన్నేం చెయ్యలేదేమే?"

"ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టినదానివి కదా, అప్పటిదాకా నేనూ అలాగే పోవాలని చూస్తున్నావేమో అనుకున్నాను" అంది పిల్ల, క్యాబేజీని రెండుగా కోస్తూ. "నాకందకుండా నువ్వు దాచావని తెలిసిన రోజే మళ్ళీ కడుపునిండా తిన్నాను."