మందకు మొలిచిన కొమ్ము

కొనుగోలు కేంద్రంలో జంగప్ప కందుల బస్తాలు పద్దెనిమిదీ పొద్దున్నుంచి మూడోసారి చోటు మారుతున్నాయి. మొదట వాటిని మందు కొట్టని పంట కుప్పలో వేశారు. గుమాస్తా ఒక బస్తా మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూసి, దించమన్నాడు. గేటు పక్కన ఎండలో గంటసేపు ఉంచి, ఇప్పుడు మామూలు కుప్ప వైపు మోయిస్తున్నాడు. సేడం నుంచి వచ్చిన హమాలీలు కన్నడంలో ఏదో అనుకుని నవ్వుకుంటూ మోస్తున్నారు. తాండూరు గాలిలో ఎప్పుడూ ఉండే నాపరాయి దుమ్ము వాళ్ల భుజాల మీద చెమటతో కలిసి బురదయింది.

"జూడు నర్సన్నా, నీ మంద జేసిన పని" అన్నాడు జంగప్ప. "క్వింటాలుకు తొమ్మిది నూర్లు పోయినయి నాకు."

నర్సప్పది తాతల నాటి నుంచీ గొర్రెలు కాచే ఇల్లు. కోట్‌పల్లి చుట్టుపక్కల కంది కోసిన చేలు ఖాళీ కాగానే, తొలకరి దాకా తన నూట నలభై గొర్రెలను రాత్రికొక చేనులో ఆపుతాడు. పెంట, ఉచ్చ నేలలో ఇంకి మరుసటేడు పంట చిక్కగా వస్తుంది. దీన్నే మంద పెట్టడం అంటారు. రాత్రికి వెయ్యి రూపాయలు, మొగుడూ పెళ్లాలకు రెండు పూటల తిండి. పోయిన ఎండాకాలం జంగప్ప చేనులో ఆరు రాత్రులు మంద పెట్టాడు.

ఆ సంగతే ఇప్పుడు ఫోనులో వేరేగా కనబడుతోంది: "చేనుకు మందు పెట్టారు. ఆరు సార్లు. పెట్టినవారు: నర్సప్ప."

ధర పోయింది జంగప్ప బస్తాలకు. కానీ కోడ్‌లో పేరు పడింది నర్సప్పది. కోడ్‌లు ఇచ్చిన ఈ పది రోజుల్లో అది చూసి, తమ పంటకూ మందని పడుతుందేమోనని ఏడుగురు రైతులు ఫోన్ చేసి, ఈయేడు నీ మంద మా చేన్లకు వద్దన్నారు. చేలు మూసుకుంటే ఎండాకాలం గొర్రెలు నిలబడే తావు లేదు. అనంతగిరి అడవిలోకి తోలితే కేసు. మిగిలింది మందను కోతకు అమ్ముకోవడమే. అందుకే భార్య బుగ్గమ్మను వెంటబెట్టుకుని పొద్దుటి బస్సుకు వచ్చాడు.

జంగప్పతో పాటు వాళ్లు లోపలి గదిలోకి పోగానే, కంప్యూటర్ ముందున్న జ్యోతిరాణి లేచింది. బుగ్గమ్మ మోకాలు పట్టుకుని నిలబడటం గమనించి, తన కుర్చీ ఆమె వైపు జరిపింది. ఆ తర్వాత నిలబడే టైపు చేసింది. నెలకు పదకొండు వేల జీతం మీద ఊరూరా తిరిగి పంట వివరాలు రాసుకొచ్చేది ఆమే.

"గా దినం నువ్వు చెప్పింది నాకు యాదికున్నది, పెద్దయ్యా" అంది చిన్నగా. "ఫోను నీ నోటికాడ వెట్టిన. మంద వెట్టినం అన్నవు. గా ఫోను మందు అని రాసుకున్నది. దానికి మంద అనే మాట తెల్వదట. నేను జూడక సరే అని నొక్కిన. గా పొద్దు నలభై మంది ఉండిరి."

నర్సప్ప కాసేపు తెర వైపు చూశాడు. చదువు రాకపోయినా, ఆమె వేలు పెట్టి చూపించిన అక్షరం పక్కన వంకరగా అంటుకుని ఉన్నది కనబడింది.

"గిదేనా?"

"అవు. కొమ్ము."

"గొర్రెకు కొమ్ములు మొలుసుడు ఎరుకే గని, మందకు కొమ్ము మొలుసుడు గిప్పుడే జూస్తున్న" అన్నాడు. జ్యోతిరాణి నవ్వలేకపోయింది.

"తుడిపెయ్యరాదు బిడ్డా" అంది బుగ్గమ్మ. "ఒక్క గీతనాయె."

అప్పుడే లోపలికి వచ్చిన కేంద్రం ఇన్‌చార్జి నవీన్‌కుమార్ ఆ మాట విన్నాడు. చెడ్డవాడు కాదు. పొద్దున రైతులందరికీ మజ్జిగ పోయించింది ఆయనే.

"తుడవరాదమ్మా. దీన్ని బ్లాక్‌చెయిన్ అంటరు. ఖాతా ఒక్కతాన ఉండదు. మా దగ్గర ఒక నకలు, మిల్లు దగ్గర ఒకటి, పప్పు కొనే బెంగళూరు కంపెనీ దగ్గర ఒకటి, బ్యాంకు దగ్గర ఒకటి. నేనిక్కడ మారిస్తే మిగిలిన మూడూ ఒప్పుకోవు. ఎవ్వరూ దొంగరాత రాయొద్దనే గిట్ల చేసిండ్రు."

"మంచిగనే చేసిండ్రు సారూ" అన్నాడు నర్సప్ప. "మరి నాలుగు తావుల అబద్దమే ఉంటే?"

నవీన్‌కుమార్ తల గోక్కున్నాడు. "మంద సంగతి నాకు తెల్వదా? మా నాయిన గూడ పెట్టిచ్చేటోడు. పాత రాత పోదుగని, దాని కింద కొత్తది కలపొచ్చు. దానికి కారణం చూపాలె. జ్యోతీ, తెరువు."

తెర మీద మూడు కారణాలు వచ్చాయి. జ్యోతిరాణి చదివింది. తూకంలో తేడా. రవాణాలో తేడా. వివరం ఇచ్చిన వ్యక్తి తప్పుడు సమాచారం ఇచ్చాడు.

"మనం తప్పు రాసినం అని లేదా సార్?" అని అడిగింది, లేదని తెలిసే.

"లేదు. పైకి రాసి ఒప్పుకున్నా, మన తప్పులు రెండు దాటితే కేంద్రమే ఎత్తేస్తరు. నీ ఉద్యోగం, నాది గూడ." ఆయన నర్సప్ప వైపు తిరిగాడు. "మూడోది నొక్కుతం. నువ్వు వేలు పెట్టు. కింద 'మందు కాదు, గొర్రెల మంద' అని కలుస్తది. రేపటి సంది నీ మంద ఎక్కడైనా ఆపుకో."

జంగప్ప మొహం విప్పారింది. "పెట్టు నర్సన్నా. నా బస్తాలు గూడ మల్ల ఎక్కుతయి."

బుగ్గమ్మ కుర్చీలోంచి అడిగింది: "మా ఆయన తప్పు జెప్పిండని ఉంటదా అండ్ల?"

"ఉంటది. ఎవరు చదువుతరమ్మా?"

"పప్పు కొన్నోళ్లందరు సదువుతరని పొద్దుగాల మైకుల మీరే అంటిరి గద సారూ."

నవీన్‌కుమార్ జ్యోతిరాణికి సైగ చేశాడు. జ్యోతిరాణి వేలిముద్ర యంత్రాన్ని బల్ల మీద ముందుకు జరిపింది. దాని గాజులో పచ్చ వెలుగు వెలిగింది. తెర మూల అరవై నుంచి అంకెలు దిగుతున్నాయి.

నర్సప్ప బొటనవేలు పంచెకు తుడుచుకున్నాడు. గాజు దాకా తీసుకుపోయాడు. అక్కడే ఆగింది.

"యాభై ఏండ్ల సంది మంద వెడుతున్న" అన్నాడు. "ఒక్క రాత్రి ఆపి రెండని జెప్పలే. ఎవ్వలూ కాయితం అడగలే, నా మాటనే తీసుకున్నరు. గిప్పుడు అబద్దమాడిన అని నా ఏలుతోని నేనే రాసుకుంటే, ఎవలు నమ్ముతరు సారూ నన్ను?"

"నమ్ముడు సంగతి తర్వాత" అన్నాడు జంగప్ప. "గొర్లను ఏడ నిలవెడ్తవు? నా బస్తాలేం గావాలె? నువ్వు పెట్టకుంటే నేను గూడ నిన్ను పిలువ."

"నీ నష్టం నాకెరుకే, జంగప్పా. పిలిస్తే వస్త. అబద్దమాడిన అని ఏలు వెట్టి మాత్రం రాను."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బుగ్గమ్మ మోకాలు పట్టుకుని లేచి, ఆయన పక్కన నిలబడింది.

అంకెలు సున్నాకు చేరి తెర ఖాళీ అయింది. జంగప్ప తలుపుకు ఒరిగి, ఎవరి వైపూ చూడకుండా బయట బస్తాల చప్పుడు వింటున్నాడు.

"మళ్ల తెరువు జ్యోతీ" అన్నాడు నవీన్‌కుమార్. "జర ఆలోచించుకోనీ. మళ్ల తెరువు."

జ్యోతిరాణి మౌస్ మీది చెయ్యి తీసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.