రామమోహనరావుగారి రష్యా

రష్యా గురించి రామమోహనరావుగారికి తెలియని సంగతి లేదు. చూడలేదు, అంతే. తెనాలిలో చదువుకునే రోజుల్లో బజారు మలుపులో ఆగే పుస్తకాల వ్యానులో, తెలుగులోకి వచ్చిన రష్యన్ నవలలు కారుచవగ్గా దొరికేవి. అన్నం తింటూ కూడా వాటిని వదలకుండా చదివి, ఆ దేశపు మంచునీ, గుర్రపు బళ్ళనీ, దివాలా తీసిన జమీందార్లనీ, మాటిమాటికీ మూర్ఛపోయే రాకుమార్తెలనీ సొంత చుట్టాల్లా ఎరిగారు. ఢిల్లీలో సెక్షన్ ఆఫీసరయ్యాక కూడా ఆ పిచ్చి తగ్గలేదు.

"ఒక దేశాన్ని తెలుసుకోవాలంటే పేపరు కాదండీ, నవల చదవాలి. రాజకీయమూ, సంఘమూ, మనిషీ అన్నీ అందులోనే ఉంటాయి" అని జనక్‌పురి పార్కులో కనపడ్డ ప్రతి తెలుగువాడినీ ఆపి చెప్పేవారు. పాపం, వాళ్ళు నడిచే దారి మార్చుకున్నారు.

2005 మే నెలలో మాస్కో నుంచి ఒక బృందం ఆయన పనిచేసే శాఖకి వచ్చింది. ఇక్కడి వాళ్ళు అక్టోబరులో అక్కడికి వెళ్ళాలి. జాయింట్ సెక్రటరీ భాటియా ఆయన్ని పిలిపించాడు.

"రావ్ సాబ్, వాళ్ళలో ఓ కుర్రాడు ఇండియన్ ఇంట్లో భోంచేస్తానంటున్నాడు. రష్యా మీకు కొట్టినపిండి అంటారుగా. కుర్రాణ్ణి ఖుష్ చేయండి, అక్టోబరు టీములో మీ పేరు పెట్టేస్తా."

జన్మలో ఒక్కసారి ఆ మంచు మీద కాలు పెడితే చాలు, ఇంక రావుగారికేమీ అక్కర్లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ సాయంత్రమే కరోల్‌బాగ్ వెళ్ళి చెవులు మూసే ఉన్ని టోపీ కొనుక్కున్నారు. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ కాస్తోంది.

రష్యావాళ్ళ ఇళ్ళలో టీ కాచే పెద్ద పాత్ర ఉంటుంది కదా అని, టెంట్ హౌస్ నుంచి పెళ్ళిళ్ళలో పెట్టే కుళాయి డ్రమ్ము తెచ్చి డ్రాయింగ్ రూములో నిలబెట్టారు. వాళ్ళు బీట్‌రూట్ పులుసు తాగుతారని, సాంబారులో బీట్‌రూట్ వేయమని భార్య మీద పడ్డారు.

"వచ్చేవాడు మన తిండి తిందామని వస్తుంటే, వాడి తిండి మనం వండడమేంటండీ?" అంది కస్తూరి.

"నీకు తెలీదులే. పుస్తకాల్లో ఉంది."

"పాపా, ఇంటర్‌నెట్ మే దేఖ్ లో నా" అని, నెట్‌లో చూసుకోమని హిందీలో సలహా ఇచ్చింది బి.ఎ. చదివే కూతురు నేహా. భార్య మాట వినని మనిషి కూతురి మాటా వినలేదు.

అతిథి పేరు రినాత్. జీన్సు ప్యాంటు వేసుకున్న ఇంజనీరు, వాళ్ళ ఊరి పత్రికకి వ్యాసాలు కూడా రాస్తాడు. అతిథి బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టాలని రావుగారు చదివిన పుస్తకాల్లో ఉంది. పెద్దల కాళ్ళకి మొక్కాలని అతను చదివిన పుస్తకంలో ఉంది. ఈయన ముందుకు వాలడం, అతను కిందికి వంగడం ఒకేసారి జరిగి, గుమ్మంలోనే రావుగారి గడ్డం కుర్రాడి నెత్తికి ఠపీమని కొట్టుకుంది. మొదటి ముద్దు అతని జుట్టు మీద పడింది. మిగతా రెండూ బాకీ ఉండిపోయాయి.

అసలు పని భోజనం దగ్గర మొదలైంది. రష్యావాడు స్నేహం కోరుతూ తాగి, ఆ గ్లాసుని నేలకేసి కొట్టకపోతే అది స్నేహమే కాదని రావుగారి నమ్మకం. మందు ఆయనకి పడదు. అందుకని కస్తూరికి వాళ్ళ అన్నయ్య పెట్టిన బోన్‌చైనా కప్పుల్లో మిరియాల చారు పోయించి లేచి నిలబడ్డారు.

"రెండు దేశాల స్నేహానికి!" అని ఇంగ్లీషులో అరిచి, సలసలా కాగే చారు గుక్కలో మింగి, కళ్ళనీళ్ళతో కప్పుని నేలకేసి కొట్టారు.

రినాత్ పెంకుల్నీ, రావుగారినీ మార్చి మార్చి చూశాడు. తరువాత అతని మొహం వెలిగిపోయింది. తనూ గటగటా తాగి, పొలమారి, దగ్గుతూనే కప్పు విసిరికొట్టాడు.

"ఓరి నాయనో! నా సెట్టు! మా అన్నయ్య పెట్టిన సెట్టండీ!" అని కస్తూరి గుండెలు బాదుకుంది.

"అమ్మగారు చదువుతున్న మంత్రం ఏమిటి?" అని రినాత్ భక్తిగా అడిగాడు.

రావుగారికి ఎక్కడో తేడా కొట్టింది. "మీ ఇంట్లో ఎన్ని పగలగొడతారు బాబూ?" అన్నారు.

"మా ఇంట్లోనా? మా నానమ్మ చంపేస్తుంది! మేం రష్యన్లం కాదు, తాతార్లం సార్, మా ఊరు కజాన్. ఇంట్లో మాట్లాడేది మా భాషే. మందు ముట్టుకోం. టీలో పాలూ ఉప్పూ వేసుకుంటాం. రష్యా నుంచి వచ్చినవాళ్ళందర్నీ మీరు ఒకే గాటన కట్టకూడదు." అంటూనే పెన్ను తీశాడు. "ఇంతకీ, ఈ కప్పుల ఆచారం ఇండియా మొత్తం ఉందా, తెలుగువాళ్ళకేనా?"

"పాపా, సచ్ బతా దో!" అంది నేహా.

నిజం చెబితే రష్యా పండితుడి బండారం భాటియా దాకా పోతుంది. అక్టోబరు మంచు మేలోనే కరిగిపోతుంది. రావుగారు భార్య వైపు చూడలేక నేలమీది పెంకుల్ని చూశారు.

"ఓన్లీ తెలుగు" అన్నారు నీరసంగా.

మూడు వారాల తరువాత భాటియా కేకేశాడు. రినాత్ రాసిన వ్యాసాన్ని ఇంగ్లీషులో పెట్టి పంపారట. పైకి చదివి వినిపించాడు: "తెలుగు గృహస్థు అతిథి ఎదుట కారపు కషాయం తాగి కప్పు పగలగొడతాడు. గృహిణి గుండెలు బాదుకుంటూ ఆనందగానం చేస్తుంది."

"ఇరవై ఏళ్ళుగా మీ మద్రాసీలతో పనిచేస్తున్నాను, నాకే తెలీదు చూడండి. చదివితేనే తెలుస్తాయి ఇలాంటివి!" అన్నాడు భాటియా. "మీ పేరు పెట్టేశాను. అక్కడి సభలో ఆ ఆచారం చేసి చూపించమంటున్నారు."

రావుగారు కుక్కిన పేనులా ఇంటికొచ్చి, బీరువా నిండా ఉన్న నవలల ముందు కూలబడ్డారు. నలభై ఏళ్ళు కళ్ళు కాయలు కాచేలా చదివినవాటిలో ఇలాంటి 'ఓన్లీ తెలుగు'లు ఎన్ని ఉన్నాయో! ఏడవాలో నవ్వాలో తెలియక, జరిగింది భార్యకి చెప్పారు.

కస్తూరి అంతా విని, మిగిలిన నాలుగు కప్పులూ బీరువాలో పెట్టి తాళం వేసింది.

"వెళ్ళిరండి. ఈసారి వాళ్ళ కప్పులు పగలగొట్టండి" అంది.